స్లాబు మీది గాలిసంచి

కోరుట్లలో మా ఇంటికి రావాలంటే వీధి పేరు చెప్పనక్కర్లేదు. స్లాబు మీద సంచి ఊగే ఇల్లు అంటే చాలు, ఆటోవాళ్లు తెచ్చి గేటు ముందు దింపుతారు. ఇనుప పైపుకు కట్టిన నారింజ రంగు గుడ్డ గొట్టం అది. ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. గాలి వస్తే కడుపు నింపుకుని, గాలి ఎటు పోతే అటు తోక చాపుతుంది. గాలి లేనప్పుడు పైపుకు ఒరిగి నిద్రపోతుంది. విమానాలు దిగే చోట కడతారే, అదే. బాపు గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చేసిన ఏడాది కట్టించాడు. ఎన్నికల రోజుల్లో ఒకాయన వచ్చి, ఇది ఏ పార్టీ జెండా అని అడిగాడు. గాలి ఎటుంటే అటు తిరిగేది, నువ్వే చూసుకో అన్నాడు బాపు, నవ్వకుండా.

నాకు ఏది గుర్తొచ్చినా ముందు వాసనగా గుర్తొస్తుంది. ముఖాలు, మాటలు తర్వాత మెల్లగా వస్తాయి. బీడీలు చుట్టే అమ్మ అంటే చాటలోని తంబాకు వాసన, తడిపిన తునికాకు వాసన. పక్కింట్లో చింతపండు పులుసు మరుగుతుంటే నాకు చిన్నప్పటి జ్వరం ఒకటి గుర్తొస్తుంది. ఎందుకో చెప్పలేను. బాపు అంటే షేవింగ్ క్రీమ్ వాసన. ఆయన సెలవు మీద వచ్చినన్ని రోజులూ ఇల్లంతా ఆ వాసన తిరిగేది. వెళ్లిపోయాక కూడా కొన్నాళ్లు అద్దం దగ్గర ఉండేది. నేను అక్కడ నిలబడి పీల్చేదాన్ని.

బాపు పనిచేసింది ఎడారిలో ఒక గ్యాస్ ప్లాంట్‌లో. భూమిలోంచి వచ్చే గ్యాస్‌తో పాటు ఇంకొకటి వచ్చేది. కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది దానికి. కొంచెం ఎక్కువ పీలిస్తే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. అందుకని అందరి దగ్గరా మాస్కులుండేవి. మాస్కు ముఖానికి గట్టిగా అతకాలంటే గడ్డం ఉండొద్దు. రోజూ నున్నగా గీసుకున్నాకే లోపలికి రానిచ్చేవారు. ఇంటికి వచ్చేశాక కూడా ఆ అలవాటు పోలేదు. జ్వరమొచ్చినా, పండగైనా, చావైనా పొద్దున్నే గడ్డం గీయాల్సిందే. కొండగట్టు అంజన్న మాల వేసుకోమని అమ్మ ఎన్నేళ్లు బతిమాలిందో. మాల వేసుకుంటే గడ్డం పెంచాలి. బాపు ప్రతిసారీ దేవుడికి ఇక్కడినుంచే దండం పెడతానని తప్పించుకునేవాడు.

ఇంట్లో మాకు డ్రిల్లు కూడా ఉండేది. వేరే పిల్లలు ఎక్కాలు చదివినట్టు నేను అది చదివాను. ఆ వాసన వస్తే పరిగెత్తొద్దు, ముందు సంచి చూడాలి. గాలి ఎటు నుంచి వస్తుందో అటు పోవాలి. ఎత్తు మీదికి ఎక్కాలి, ఎందుకంటే ఆ గ్యాస్ బరువు, కిందికి దిగి గుంతల్లో నిలుస్తుంది. పడ్డవాడు నడవకూడదు, నిలబడ్డవాళ్లే మోయాలి. చివరిది చెప్పేటప్పుడు మాత్రం బాపు గొంతు తగ్గేది. వాసన పోయిందని సంతోషపడొద్దు. గ్యాస్ పోలేదు, ముక్కు చచ్చిపోయిందని దాని అర్థం.

ఆ చివరి మాట వెనక ఒక మనిషి ఉన్నాడని నాకు చాలాకాలం తెలియదు. బాపుతో ఒకే గదిలో ఉన్న బీర్పూర్ ఆయన. ఇద్దరూ ఒకే గిన్నెలో వండుకునేవారు. ఒకరోజు ఒక గుంత దగ్గర ఆయన వాసన పోయిందనుకుని మాస్కు తీశాడు. బాపు ఎగువ గాలికి, అంటే గాలి వచ్చే వైపు ఉన్నాడు, బతికాడు. శవాన్ని పెట్టెలో ఊరికి తెచ్చింది బాపే. ఆ తర్వాత బాపు మళ్లీ బీర్పూర్ పోలేదు. జగిత్యాల బస్టాండులో బీర్పూర్ బోర్డున్న బస్సు వస్తే ముఖం తిప్పుకునేవాడు. స్నేహితుడి భార్యకు ఏం చెప్పాలో ఆయనకు తెలిసేది కాదట. ఇది కూడా అమ్మ చెబితేనే నాకు తెలిసింది.

ఇంత చెప్పాక, నేను ఏం పని చేస్తానో చెబితే మీకు నవ్వొస్తుంది. జగిత్యాలలో డిగ్రీ చదివి, హైదరాబాదులో ఒక ల్యాబులో చేరాను. గుండెపోటు వచ్చినప్పుడు గుండె కండ చావకుండా కాపాడే మందు మీద మా పని. ఆ మందు ఒక గ్యాస్. కుళ్లిన గుడ్డు వాసన వేసేది. బాపు ఏళ్ల తరబడి గాలి దిక్కు చూసి పారిపోయినదే.

నేను కావాలని వెతుక్కుని పోలేదు. మా మేడమ్ మొదటి రోజు చెప్పిన మాట నన్ను పట్టుకుంది. మన ఒంట్లో మూడు విషవాయువులు ఉంటాయట. ఒకటి బండ్ల పొగలో ఉండేది, ఒకటి తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలిస్తే వచ్చేది, మూడోది బాపు గ్యాస్. ఈ మూడింటినీ ఒళ్లు తానే తయారుచేసుకుంటుంది, చిటికెడు చిటికెడు. కణానికీ కణానికీ మధ్య కబుర్లు మోసేవి అవే. నరాన్ని సడలించు, మంటను ఆపు, ఇప్పుడే చావకు అని చెప్పేవి. ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. బాపును అంత భయపెట్టినది నా ఒంట్లోనూ, బాపు ఒంట్లోనూ ఉంది. ఆయన దాని నుంచి పారిపోయినన్నాళ్లూ అది ఆయన గుండెను సముదాయిస్తూనే ఉంది.

మా ల్యాబులో ఎలుక గుండె ఒకటి గాజు గొట్టానికి వేలాడుతూ కొట్టుకుంటుంది. చుట్టూ ఒళ్లు లేదు, ఎలుక లేదు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పోతుంటే అది తన మానాన తాను కొట్టుకుంటూనే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఏ లోకంలో ఉన్నానో తెలియలేదు. ఆ నీళ్లు కాసేపు ఆపితే గుండెపోటు. మళ్లీ వదిలేటప్పుడు మా గ్యాస్ రవ్వంత కలుపుతాం. తర్వాత గుండెను ముక్కలు కోసి రంగునీళ్లలో వేస్తే, బతికిన కండ ఎర్రబడుతుంది, చచ్చిన కండ తెల్లగా ఉండిపోతుంది. గ్యాస్ ఇచ్చిన గుండెల్లో తెలుపు తగ్గేది. ఎప్పుడూ కాదు, కానీ తరచుగా.

ఇంట్లో మాత్రం గుండె మందు మీద పని అని చెప్పి ఊరుకున్నాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఒక శనివారం ఆ గ్యాస్ మందు సీసా మూత తీసిన చేతులతోనే బస్సెక్కాను. కోరుట్ల బస్టాండులో బాపు నా బ్యాగు అందుకోబోయి ఆగిపోయాడు. చున్నీ ఇయ్యమన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చుట్టూ బస్సులు, అరటిపళ్ల బండ్లు, జనం. ఆయన మాత్రం ఇంకెక్కడో నిలబడ్డట్టు కనిపించాడు. ఎడారి ఎలా ఉంటుందో నేను చూడలేదు గానీ, ఆ క్షణంలో ఆయన కళ్లలో చూశాను.

ఇంటికొచ్చాక అంతా చెప్పాను. ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారి గడ్డం గీసుకుని, టవల్ భుజాన వేసుకుని, నా ఎదురుగా కూర్చున్నాడు.

"గది ఇడిచిపెట్టు బిడ్డా. ఇంకేదన్న జెయ్యి, నేనేమన్న. గది తప్ప."

నాకు ముక్కు మీదే కోపం. అది ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ రోజు కోపం రాలేదు. ఆయన అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన అడుక్కున్నాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఫోన్ వచ్చేది. తిన్నావా, పడుకున్నావా ఏమీ లేదు. వాసన వచ్చిందా అని ఒక్కటే ప్రశ్న. వచ్చిందంటే భయపడేవాడు. రాలేదంటే ఇంకా భయపడేవాడు. మధ్యలో ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. అటు మేడమ్ కూడా అడుగుతోంది, ఈ పని నువ్వే కొనసాగిస్తావా, ఇంకొకరికి ఇవ్వనా అని. ఇడిచిపెట్టడం నావల్ల కాదు. బాపు ఊ అనకుండా ఆ సీసా ముట్టుకోవడం కూడా నావల్ల కావడం లేదు. చెయ్యి సీసా దాకా వెళ్లి ఆగిపోయేది. నాకు కావలసింది ఆయన నోటి నుంచి ఒక్క మాట.

సిరిసిల్ల మామ చెబితే వింటాడేమోనని ఒక ఆదివారం అక్కడికి పోయాను. మామ అంటే అమ్మ తమ్ముడు. ఆయన షెడ్డులో సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా దడదడలాడుతుంటాయి. అక్కడ మాట్లాడుకోవడం కుదరదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. మా గాలిసంచికి గుడ్డ అక్కడిదే. బాపు వచ్చి, గాలి బరువు కూడా మొయ్యనంత పల్చటి గుడ్డ కావాలని అడిగాడట. అలాంటిది నేస్తే బట్టల దుకాణం వాడు తంతాడని మామ అన్నాడట. చివరికి నేసి, నారింజ రంగు వేయించి ఇచ్చాడు.

ఆ రోజు షెడ్డు వెనక నూలుకు రంగు వేస్తున్నారు. తొట్టిలోంచి కర్రతో ఒక చిలప, అంటే నూలు కట్ట, ఎత్తి మామ చూపించాడు. అంతా ఎర్రగా ఉంది, మధ్యలో ఒకచోట మాత్రం తెల్లగా మిగిలింది. గంజి సరిగా పోకపోతే అక్కడ రంగు పట్టదన్నాడు. నేను ఆ తెల్ల మచ్చనే చూస్తూ నిలబడ్డాను. సాంచెల చప్పుడు దూరంగా పోయి, గాజు గొట్టానికి వేలాడే గుండె చప్పుడులా వినిపించింది. మామ రెండుసార్లు పిలిచాడట.

వచ్చిన పని చెప్పాను. మామ చేతులు తుడుచుకుని నా తల మీద చెయ్యి వేశాడు.

"మీ బాపు ముంగట గా ముచ్చట నేను తియ్య బిడ్డా. పెట్టె తెచ్చిన నాడు ఆయన ముఖం నేను జూసిన."

కాబట్టి ఏమీ తేలకుండానే కోరుట్లకు వచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మరునాడు పొద్దున జరిగింది.

పసుపు ఉడికించే కాలం. ఊరి మీద ఎప్పుడూ ఆ మట్టి వాసన కమ్ముకుని ఉంటుంది. ఆ రోజు మాత్రం మా వీధిలో మోరీ, అంటే మురుగుకాల్వ, తీస్తున్నారు. నల్లటి మురికిని పారలతో ఎత్తి ఒడ్డున పోస్తుంటే కంపు ఇంట్లోకి వచ్చింది. కుళ్లిన గుడ్డు కంపే. మోరీలో పుట్టేది కూడా ఆ గ్యాసే, కొద్దిగా. నేను ముక్కు మూసుకుని చాయ్ తాగుతున్నాను. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. బాపు అద్దం ముందు గడ్డం గీసుకోవడం అప్పుడే అయింది.

పైకి రమ్మని పిలిచాడు, మెల్లగా. మేం కదల్లేదు. మోరీ కంపుకు కూడా డ్రిల్లేనా అని అమ్మ నవ్వింది. బాపు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. ఆ ఆగడం నాకు నచ్చలేదు. చాయ్ పక్కన పెట్టి పోయాను.

బాపు గాలిసంచి పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. ముఖం గంజి నీళ్ల రంగులో ఉంది. ఒక చెయ్యి రొమ్ము మీద ఉంది. ఊపిరి ఆడక, గుండె బిగుసుకుపోతుంటే, పైగా ఆ వాసన వచ్చేసరికి ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. గ్యాస్ లీకైంది. ఎత్తు మీదికి ఎక్కాలి. గుండెపోటు వచ్చిన మనిషి ఉన్నచోటే కూలబడాలి. మా బాపు మెట్లెక్కాడు.

"ఇంతసేపు వాసనచ్చింది. ఇప్పుడు అస్తలేదు బిడ్డా," అన్నాడు.

ఆయన అంత భయపడగా నేను ఎప్పుడూ చూడలేదు. ముక్కు చచ్చిపోయిందనుకున్నాడు. బీర్పూర్ ఆయనకు అయినట్టే తనకూ అయిందనుకున్నాడు. ఎడమ చెయ్యి గుంజుతుందా అని అడిగాను. కిందికి పోదాం, ఆసుపత్రికి పోదాం అన్నాను. తల అడ్డంగా ఊపి పైపును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆయన దృష్టిలో కింద ఇల్లు లేదు, వీధి లేదు. గ్యాస్ నిండిన గుంత ఉంది. నన్ను కూడా దిగొద్దని కళ్లతో చెబుతున్నాడు.

నా కళ్లకేమో ఇంకొకటి కనిపిస్తోంది. రక్తం ఆగిన కండ లోపలి నుంచి బయటికి తెల్లబడుతూ వస్తుంది. నేను ఎన్నిసార్లు కోసి చూశానో. ఇప్పుడది నా ఎదురుగా, చొక్కా గుండీల వెనక జరుగుతోంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన దిగడు. ఇది గ్యాస్ కాదు, గుండె అని వాదిస్తే కూడా దిగడు. అప్పుడే తల మీద గుడ్డ టపటపమంది. తలెత్తి చూశాను. సంచి నిండింది. తోక మోరీ దిక్కుకు చాపింది. వాసన అందుకే పోయింది.

"సంచి జూడు బాపు. గాలి మనకెళ్లి మోరి దిక్కు పోతున్నది. రోడ్డు ఎగువ గాలికి ఉన్నది, గటు పోదాం. పడ్డోడు నడవద్దని నువ్వే గద చెప్పినవు."

బాపు తలెత్తి చూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు. నాకైతే ఒక కాలం గడిచినట్టుంది. నీలంగా ఉన్న ఆకాశం, నారింజ రంగు గుడ్డ, దాని నీడ ఆయన ముఖం మీద ఊగడం, ఇవి తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది. తర్వాత ఆయన వేళ్లు పైపును వదిలాయి.

నేను కేక వేస్తే మోరీ తీస్తున్నవాళ్లే పారలు పడేసి పైకి వచ్చారు. బాపును ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా దించారు. వాళ్ల చేతులకు ఆ వాసనే. బాపు కళ్లు మూసుకుని వాళ్ల భుజాలు పట్టుకున్నాడు. అమ్మ చాట అలాగే వదిలేసి వెనకాల వచ్చింది. ఆమె కొంగులోంచి తునికాకు ముక్కలు మెట్ల మీద రాలాయి.

నేను ఫోన్ చేస్తే వచ్చిన అంబులెన్సులో ఒకతను బీపీ చూసి, నమలడానికి ఒక గోలీ ఇచ్చి, నాలుక కింద ఇంకొకటి పెట్టాడు. ఆ రెండోది నాకు తెలుసు. ఒంట్లోకి పోయాక అది నా మూడు వాయువుల్లో మొదటిది అవుతుంది, బండ్ల పొగలోది. బిగుసుకున్న నరాలను సడలిస్తుంది. అది పనిచేస్తుందని ఎన్నో తరాలుగా తెలుసు, ఎందుకు పనిచేస్తుందో చాలా తర్వాత తెలిసింది. మేడిపల్లి దాటుతుంటే పసుపు ఉడుకుతున్న వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. బాపు ముక్కు పుటాలు కదిలాయి. పసుపా అని అడిగాడు. అవునన్నాను. ముక్కు చావలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ముఖంలో ఏదో సడలింది. గోలీ వల్లనో, పసుపు వల్లనో నేను చెప్పలేను.

జగిత్యాల ఆసుపత్రిలో నరంలోని గడ్డను కరిగించే సూది వేశారు. డాక్టరు నడివయసు మనిషి, మంచివాడు. నొప్పి వస్తే ఎవరైనా కూర్చుంటారు, ఈయన మెట్లెక్కడం ఏమిటమ్మా అని ఆశ్చర్యపోయాడు. తలుపు బయట బెంచీ మీద నేను, అమ్మ కూర్చున్నాం. గడ్డ కరిగితే రక్తం తిరిగి వస్తుంది. అందరూ అక్కడితో గండం గడిచిందనుకుంటారు. ఎండి పగుళ్లిచ్చిన మడిలోకి కాలువ ఒక్కసారిగా వదిలితే గట్లు తెగినట్టు, తిరిగొచ్చిన రక్తమే కండను ఇంకోసారి కొడుతుంది. సరిగ్గా ఆ క్షణం కోసమే మా పని. ల్యాబులో అయితే ఆ క్షణంలో నా చెయ్యి సీసా వైపు పోతుంది. ఇక్కడ నా చేతిలో బాపు చెప్పులున్నాయి. మా మందు ఎలుకల దాకా వచ్చింది, మనుషుల దాకా రాలేదు. దారి అంత దూరం ఉందని నాకు పుస్తకాల్లో తెలుసు. బెంచీ మీద కూర్చున్నాక తెలిసింది వేరు. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. నేను సీసా ముట్టుకోకుండా ఆపేసిన రోజుల మీద కూడా.

బాపు బతికాడు. గుండె కింది వైపు గోడలో కొంత భాగం సరిగా కదలడం లేదని డాక్టరు తెర మీద చూపించాడు. అందులో కొంత చచ్చింది, కొంత సొమ్మసిల్లింది, ఏది ఎంతో కొన్నాళ్లు పోతేగానీ తెలియదన్నాడు. తర్వాత కరీంనగర్‌లో స్టెంటు వేశారు. నేను ఆ తెర మీది బూడిద రంగు గోడనే కలల్లో చూసేదాన్ని. అది గోడలా కాక గాలి లేని సంచిలా కనిపించేది.

వార్డుకు మార్చాక బాపుకు ఇంకేమీ పట్టలేదు, గడ్డం తప్ప. రక్తం పల్చబడే మందులు ఇస్తున్నారు గనక బ్లేడు వద్దని సిస్టరు చెప్పింది. ఆయన మాటిమాటికీ చుబుకం తడుముకునేవాడు. తెల్లగా పెరిగిన గడ్డంలో ఆయన ఎవరో దీక్షలో ఉన్న ముసలాయనలా ఉన్నాడు. ఎట్లయినా పెరిగింది గదా, ఇప్పుడన్నా అంజన్న మాల వేయించమని అమ్మ అంది. బాపు నవ్వలేదు. చివరికి డాక్టరు సరేనన్నాడు, జాగ్రత్తగా అయితే. బాపు నన్నే చేయమన్నాడు.

నురగ పూశాను. ఆ వాసన వార్డంతా పరుచుకుంది, నేను మళ్లీ అద్దం దగ్గరి చిన్నపిల్లనయ్యాను. ఒక్క చోట తెగినా రక్తం ఆగదు. గడ్డం గీసుకునేవాడు దవడ కదపకూడదు. అంటే బాపు మాట్లాడలేడు. నా జీవితంలో మొదటిసారి ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. చెంప మీద బ్లేడు నడుపుతూ మెల్లగా చెప్పాను. ఆ గ్యాస్ ఆయన ఒంట్లోనే పుడుతుందని. నాలుక కింద పెట్టిన గోలీ కూడా దాని చుట్టమేనని. గాజు గొట్టానికి వేలాడే గుండె గురించి, తెల్ల ముక్కల గురించి, ఎర్ర ముక్కల గురించి. మంచం కాళ్ల దగ్గర కూర్చున్న అమ్మ కూడా వింటోంది. అంత పాడుది మందెట్లయితదని, బాపు అడగాలనుకున్నది ఆమే అడిగి, ఆమే జవాబు చెప్పుకుంది.

"పాన్‌ల సున్నమసొంటిదాయె. గోటితోని రాస్తె నోరు పండుతది, వేలితోని రాస్తె పొక్కుతది."

ఇన్నేళ్ల నా చదువులో ఇంత బాగా ఎవరూ చెప్పలేదని నవ్వొచ్చింది. తడిగుడ్డతో ముఖం తుడిచాను. ఎక్కడా తెగలేదు. బాపు రెండు చెంపలూ తడుముకుని చూసుకున్నాడు.

"గా పొద్దు నాకు గది ఇచ్చుంటె?"

"ఇంక ఎలుకల కాణ్ణే ఉన్నది బాపు. మనిషి దాంక రాలే."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట వేపచెట్టు కొమ్మ కదులుతుంటే అది ఎటు కదులుతుందో చూస్తున్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని నురగ గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు మెట్లెక్కొద్దన్నారు. మంచం మీది నుంచి సంచి కనిపించదు. పొద్దున్నే నన్ను పైకి పంపి గాలి ఎటుందో చెప్పమనేవాడు. పడమర అంటే తల ఊపి కళ్లు మూసుకునేవాడు. ఆ రోజులు నాకు పూర్తిగా గుర్తులేవు. ఎండలు ముదురుతున్నాయి, మామిడికాయల లారీలు పోతున్నాయి, ఇల్లంతా మాత్రల వాసన. నేను మేడమ్‌కు జవాబు ఇవ్వలేదు. ఇంక అడగను, ఆయనకు శాంతి ఉంటే చాలు, వేరే పని చూసుకుంటాను అని ఒక మధ్యాహ్నం మనసులో అనేసుకున్నాను. అనుకున్నాక ఏడ్చాను. అది కూడా దాచుకోను.

నేను హైదరాబాదుకు బయలుదేరే ముందు రోజు సిరిసిల్ల మామ వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన గుడ్డ ఉంది. బాపు ఫోన్ చేసి నేయించాడట, నాకు తెలియకుండా. మడత విప్పితే కొత్త గాలిసంచి. కొత్త గుడ్డ, కొత్త రంగు వాసన. పాతది చిరిగిందా అని అడిగాను. బాపు దాన్ని మళ్లీ మడిచి నా ఒళ్లో పెట్టాడు.

"గిది నీకు. నీ ల్యాబు మీద కట్టుకో. గాలి జూస్కుంట పని జెయ్యి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గది ఒకణ్ణి తీస్కపోయింది బిడ్డా. ఒకణ్ణన్న మల్ల తెచ్చిచ్చేదాంక ఇడ్వకు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మామ చాయ్ తాగుతున్నట్టు నటించాడు.

మా ల్యాబు భవనం మీద కట్టనివ్వరు. మా గది బయట వరండా కమ్మీకి కట్టాను. కాపలా ఆయన వచ్చి ఇది ఏ పార్టీదమ్మా అని అడిగాడు. నాకు జవాబు తెలుసు, చెప్పాను. బాపు సాయంత్రం ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. వాసన వచ్చిందా అని అడగడు. సంచి ఎటు ఊగుతుందని అడుగుతాడు. నేను లేచి వరండాలోకి పోయి చూసి చెబుతాను.

మొన్న ఒక రోజు రంగునీళ్లలోంచి తీసిన ముక్క అంచుల దాకా ఎర్రగా వచ్చింది. ఒక ఎలుక గుండె, ఒక ముక్క. దాంతో లోకమేమీ మారదు, రేపటి ముక్క తెల్లగా రావచ్చు. అయినా వీడియోలో బాపుకు చూపించాను. ఆయన ఫోన్ ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. తెరంతా ఆయన కన్నే కనిపించింది. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

తెల్లారి అమ్మ ఫోన్ చేసింది. బాపు పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని బస్టాండుకు పోయాడట. వద్దన్నా వినలేదట. ఎక్కడికని అడిగితే బీర్పూర్ అన్నాడట.